గడియమ్మ కుడిచెయ్యి

యల్లప్పను ఎవరైనా గడియమ్మ చరిత్ర చెప్పమని అడిగితే ముందు వాళ్లది ఏ ఊరో కనుక్కుంటాడు. హిందూపురం అంగళ్లవాళ్లయితే ఒక చరిత్ర చెబుతాడు. మడకశిర పక్క నుంచి గొర్రెలు తోలుకొచ్చే కన్నడంవాళ్లయితే ఇంకొకటి చెబుతాడు. అలాగని అబద్ధాలకోరు కాదు. అసలు చరిత్ర ఏదో తెలియని మనిషి. తెలియదని చెప్పడానికి నోరు రాక ముప్పయ్యేళ్లు నెట్టుకొచ్చాడు, అంతే.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో బూదిగుట్టపల్లి ఉంది. ఊరికి అరమైలు ఇవతల, రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంటుంది. ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, రెండు వెండి కళ్లు. ఆమే గడియమ్మ. గుడి లేదు, గోపురం లేదు, తలుపు అసలే లేదు. ఊరికి కీడు రాకుండా పొలిమేరలో కాపలా కాసే తల్లి అని అందరూ ఒప్పుకుంటారు. పేరు దగ్గరే తంటా వచ్చింది.

గడియ అంటే తలుపు గడియే కదా అంటారు తెలుగువాళ్లు. ఊరు మొత్తానికి అమ్మే గడియ, అందుకే జాతర మూడు రోజులూ ఏ ఇంటి తలుపుకూ గడియ పెట్టం, చూసుకోండి అని సాక్ష్యం కూడా చూపిస్తారు. గడి అంటే సరిహద్దు అంటారు కన్నడంవాళ్లు. గడిలో ఉండే అమ్మ కాబట్టి గడియమ్మ, ఇందులో తలుపులూ గొళ్లేలూ ఎక్కడివని నవ్వుతారు. వీళ్లిద్దరూ చాలనట్టు పోయిన జాతరకు ఊరి కుర్రకారు ధర్మవరంలో ఫ్లెక్సీ కొట్టించి, దాని మీద 'గడియలో కోరికలు తీర్చే గడియమ్మ తల్లి' అని అచ్చేయించారు. యల్లప్ప ఆ ఫ్లెక్సీ కింద చాలాసేపు నిలబడి, ఇదీ నిజమేనేమో అనుకున్నాడు.

ఇందులో అతని తప్పేమీ లేదు. పూజారితనం అతని చేతికి వచ్చిన తీరే అలాంటిది. తండ్రి ఉన్నంతకాలం పూజ ఆయన చూసుకునేవాడు, గొర్రెల మందను కొడుకు చూసుకునేవాడు. ఒక మంగళవారం అమ్మ దగ్గరే పెద్దాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. కొడుకు మంచం దగ్గర కూర్చోగానే చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయేవాడు. గాలి తప్ప మాట వచ్చేది కాదు. యల్లప్ప నీళ్లు తెచ్చేవాడు, బీడీ ముట్టించి ఇచ్చేవాడు, దుప్పటి కప్పేవాడు. ముసలాయన కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపేవాడు. ఆయన పోయాక దినాలు కాగానే ఊరివాళ్లు పసుపు గిన్నె తెచ్చి యల్లప్ప చేతిలో పెట్టారు. ఏం చేయాలో చూచాయగా తెలుసు. ఎందుకు చేయాలో ఒక్క ముక్క తెలియదు.

గడియమ్మ దగ్గర అసలైన పని పువ్వు అడగడం. పెళ్లి కానీ, బోరు కానీ, మందను ఏ పక్కకు తోలాలన్నది కానీ, ఏ సందేహమైనా మంగళవారం పొద్దున అమ్మ ముందుకు రావాల్సిందే. రాయిని తడిపి, నుదుటికి రెండు పక్కలా చెరొక గన్నేరు పువ్వు అంటిస్తారు. అడగాల్సింది అడిగి కూర్చుంటారు. కుడి పక్క పువ్వు ముందు రాలితే అమ్మ సరే అన్నట్టు. ఎడమ పక్కది రాలితే వద్దన్నట్టు. ఆ తర్వాత కలెక్టరు వచ్చి చెప్పినా ఆ మాట మారదు. యల్లప్ప అలా ఎన్ని పెళ్లిళ్లు ఖాయం చేశాడో, ఎన్ని బోర్లు ఆపించాడో చెప్పడం కష్టం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. యల్లప్ప అలాంటి పూజారి కాదని, అమ్మ అన్నది అన్నట్టే చెబుతాడని ఊరు నమ్మింది. అతనూ నమ్మాడు.

సొంత ఇంటి సంగతి ఒక్కసారే అడిగాడు. ఇరవయ్యారేళ్ల కిందటి మాట. అయిదేళ్ల కూతురు మంజులకు నాలుగు రోజులుగా జ్వరం దిగలేదు. హిందూపురం ఆసుపత్రికి పోదామని భార్య వెంకటక్క పట్టుబట్టింది. యల్లప్ప వెళ్లి, పిల్లను తీసుకుపొమ్మంటావా తల్లీ అని అమ్మను అడిగాడు. ఎడమ పువ్వు రాలింది. 'అమ్మ వద్దంటాంది' అని ఇంట్లో చెప్పి, తగ్గిపోతుందిలే అని ధైర్యం చెప్పి, మంద తోలుకుని గుట్టకు పోయాడు. పొద్దు గుంకే వేళకు తిరిగొచ్చేసరికి మంజుల ప్రాణం పోయి ఉంది.

వెంకటక్క అతన్ని ఒక్క మాట అనలేదు. మనం అమ్మ మాట ప్రకారమే నడిచినాం, అమ్మే తీసుకుపోయింది అని అతను ఓదారిస్తే తల దించుకుంది. ఆ తర్వాత కొడుకు పుట్టాడు, పెరిగాడు, ఇప్పుడు ధర్మవరంలో పట్టుమగ్గం నేస్తున్నాడు. మంజుల పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అమ్మ వద్దన్నది అన్న ఆ ఒక్క మాటను పట్టుకునే యల్లప్ప ఇన్నేళ్లు బతికాడు.

అలాంటివాడి నెత్తిన రోడ్డు వచ్చి పడింది.

రోడ్డు వెడల్పు చేస్తారట. గడియమ్మ నిలబడిన చోటు కొత్త రోడ్డులోకి పోతుందట. రాయిని ఎక్కడికి మార్చాలో ఊరివాళ్లే తేల్చి, పూజారి సంతకంతో రాసివ్వాలట. హిందూపురంలో తలుపుల సామాను అంగడి నడిపే వెంకటరమణ శెట్టి కారేసుకుని వచ్చాడు. ఆయన తల్లిది ఈ ఊరే. అమ్మను ఊళ్లోకి తెచ్చుకుందాం, బడి పక్కన గుడి కట్టిస్తాను, చరిత్ర నల్లరాతి మీద చెక్కిస్తాను అన్నాడు. ఇంటికి గడియ లోపలుంటుందా, వీధిలో ఉంటుందా అని అడిగాడు. గొళ్లేలు అమ్ముకునే మనిషికి ఆ మాట తోచడంలో వింతేమీ లేదు. గొర్రెల కాపర్లు ఒప్పుకోలేదు. గడి కాచే అమ్మ గడిలోనే ఉండాల, రోడ్డుకు ఆ పక్కన నాలుగడుగుల్లో నిలబెడదాం, ఊళ్లోకి తెస్తే పొలిమేర ఎవరు కాస్తారని వాళ్లు. చివరికి రెండు పక్షాలూ యల్లప్ప వైపు తిరిగాయి.

"ఏమప్పా యల్లప్పా, పూజారివి నువ్వు. మీ నాయన నీకు చెప్పింటాడు గదా. అసలు చరిత్ర ఏమో చెప్పు" అన్నాడు వెంకటరమణ శెట్టి.

"రెండూ ఉండాయి శెట్టీ" అన్నాడు యల్లప్ప.

"రెండు ఎట్లుంటాయప్పా? రాతి మీద చెక్కేది ఒకటే."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. యల్లప్ప తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని, తప్పించుకునే దారి ఒకటి వెతికాడు. "చరిత్ర మనకెందుకు? అమ్మనే అడుగుదాం. ఊళ్లోకి వస్తావా తల్లీ అని వచ్చే మంగళవారం పువ్వు అడుగుతా. కుడి రాలితే వచ్చినట్టు, ఎడమ రాలితే ఆడే ఉన్నట్టు" అన్నాడు. అందరూ సంతోషంగా తలూపారు. మంచి ఉపాయం చెప్పానని యల్లప్ప కూడా మురిశాడు.

ఆ మురిపెం పూట కూడా నిలవలేదు. రోడ్డు సర్వేకు వచ్చిన వనిత అనే తనకల్లు ఊరి పిల్ల అక్కడే కుర్చీలో కూర్చుని రాసుకుంటోంది. తలెత్తి చాలా మామూలుగా అడిగింది.

"ఎవరి కుడి తాతా?"

"ఎవరి కుడి ఏమి తల్లీ? కుడంటే కుడే."

"అట్ల కాదు. మా రోడ్డు పనిలో ఎడమ, కుడి అని రాస్తే యా దిక్కుకు తిరిగి చూస్తాండామో కూడా రాయాల. పెనుకొండ నుంచి పోతే కుడి పక్కనుండేది హిందూపురం నుంచి వస్తే ఎడమైతాది. మీరు అమ్మకు ఎదురుగా నిలబడతారు గదా? మీ కుడి పక్క అంటే అమ్మకు ఎడమ. పువ్వు అమ్మ కుడి చూడాలా, మీ కుడి చూడాలా?"

 యల్లప్ప ఎప్పుడూ పువ్వును తన కుడిచేతి పక్కనుంచే చూశాడు. మొదటి మంగళవారం ఎలా చూశాడో ఆ తర్వాతా అలాగే చూశాడు. అది తండ్రి నేర్పింది కాదు, ఎవరూ చెప్పిందీ కాదు. తన చేతులు ఎక్కడున్నాయో అక్కడే కుడి అనుకున్నాడు. ఇప్పుడు ఆ రాయికి అంటించిన వెండి కళ్లు తలచుకున్నాడు. అమ్మ తనకేసి చూస్తోంది. ఆమె కుడి తన ఎడమ. మంజుల రోజున రాలింది తన ఎడమ పక్క పువ్వు.

 అక్కడినుంచి ఎలా లేచాడో, ఇంటికి ఎలా నడిచాడో అతనికే తెలియలేదు.

తర్వాతి నాలుగు రోజులు యల్లప్పకు లోకమంతా ఎడమ కుడిగా విడిపోయింది. మంగలి అంగట్లో అద్దం ముందు కూర్చుని కుడిచెయ్యి ఎత్తాడు. అద్దంలో మనిషి ఏ చెయ్యి ఎత్తాడో తేలక రెండోది కూడా ఎత్తాడు. మంగలి కత్తి పక్కన పెట్టి, ఏమన్నా, దండం పెడతాండావా అన్నాడు. ఇంట్లో వెంకటక్క ఎదురుగా కూర్చుని సంకటి పెడుతుంటే ఆమె చేతుల వంకే చూశాడు. ఆమె వడ్డించే చెయ్యి తన ఎడమ పక్కనే ఉంది. ఆమె కుడిచెయ్యి అదే కదా మరి! "ఏమయ్యా, చేతులకేసి చూస్తాండావు, ఉప్పు చాలలేదా?" అని అడిగితే ముద్ద మింగాడు. ఈ సంగతి ఊరందరికంటే ముందు ఆమెకు చెప్పాలి. ఊరందరికంటే ఆమెకు చెప్పడమే కష్టం.

శుక్రవారం బస్సెక్కి ఓబులదేవరచెరువు పోయాడు. తండ్రి చెల్లెలు దాసమ్మ అక్కడ మనవడి ఇంట్లో ఉంది. ఎనభై దాటిన మనిషి. పెళ్లి కాకముందు అన్నతోపాటు రోజూ అమ్మ దగ్గరికి పోయినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది.

"అత్తా, నాయన పువ్వు అడిగేటప్పుడు ఎవరి కుడి చూస్తాండె?"

 "మీ నాయన అమ్మకు ఎదురుగా నిలబడేటోడు కాదురా అల్లుడా. రాయి పక్కన ఆనుకొని, అమ్మ చూసే పక్కే తానూ చూస్తా నిలబడేటోడు. అడగొచ్చినోళ్లంతా ఎదురుగా ఉంటారు."

 "అట్లయితే అమ్మ కుడే చూసినట్టు గదత్తా?"

"అంతే గదా మల్ల. పువ్వు రాలినాక కుడిచెయ్యి ఎత్తి చూపిచ్చేటోడు." అంతలోనే ముసలామె నుదురు ముడిపడింది. "కుడంటే... తినే చెయ్యి ఎత్తేటోడు. మా అన్న ఎడమచేత్తో తినేటోడు గదరా. మా అమ్మ ఎన్ని దెబ్బలు కొట్టినా మారల్యా. ఆ చెయ్యే ఎత్తేటోడో ఏమో."

"అట్లయితే ఎడమ అయితాది గదత్తా!"

"నీకు నాయన గదరా, నీకే తెలవాల. ఆడపిల్లను, నన్నడిగితే నేనేం చెప్పేది? ఇంగా నయం, చెయ్యే గదా. గడియమ్మ అంటే ఏమని ఒకసారి అడిగినా. నీకెందుకే, పో, పిడకలు ఏరుకో పో అన్నాడు. ఆయనకూ తెలీదనుకుంటా."

యల్లప్పకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక చిక్కు విప్పుకుందామని పోయినవాడు రెండు చిక్కులు మూటగట్టుకుని వచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనతో తానే వాదించుకున్నాడు. నాయన ఆనుకుని నిలబడ్డాడంటే అమ్మ కుడే. ఎడమచేతివాటం అయితే మళ్లీ నా కుడే. నా కుడే అయితే అమ్మ నిజంగానే వద్దంది, నా తప్పు లేదు. అమ్మ కుడి అయితే పొమ్మంది, పోనివ్వనిది నేను. పెనుకొండ దాటేలోగా ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు తారుమారయ్యాయో! ఎవరి పక్క నిలబడి అడిగినా జవాబు మంజుల దగ్గరికే వచ్చి ఆగింది.

మంగళవారం ఊరంతా కానుగ చెట్టు కింద చేరింది. శెట్టి ముందు వరసలో, కాపర్లు ఆయనకు ఎదురుగా, వనిత కాగితాలతో పక్కన. ఆడవాళ్ల మధ్యలో వెంకటక్క. యల్లప్ప రాయిని తడిపి పూలు అంటించాడు. ఒక పువ్వు రెండుసార్లు జారింది. "ఊళ్లోకి వస్తావా తల్లీ" అని అడిగి వెనక్కి జరిగాడు.

అందరూ కూర్చున్నారు. అమ్మ తొందరపడలేదు. ఎండ చెట్టు ఆకుల్లోంచి దిగి రాయి మీద పడింది. నీళ్లు ఆరాయి. అప్పుడు యల్లప్ప కుడిచేతి పక్కనున్న పువ్వు మెల్లగా జారి కింద పడింది.

"కుడి! అమ్మ వస్తానంది!" అని శెట్టి లేచి నిలబడ్డాడు.

"మీ కుడి శెట్టీ. అమ్మకు ఎడమ" అన్నాడు ఒక కాపరి. వనిత ప్రశ్న అప్పటికే ఊరంతా తిరిగి వచ్చింది మరి. ఇంకేముంది, మాటకు మాట పెరిగింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇద్దరూ. కొందరు రాయి వెనక్కి పోయి నిలబడి చేతులు చాపి చూసుకున్నారు. చివరికి అందరి కళ్లూ యల్లప్ప మీద ఆగాయి.

"నాకు తెలీదు" అన్నాడు యల్లప్ప.

ముప్పయ్యేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట అది. వచ్చాక ఇక ఆగలేదు. "నాకు చరిత్రా తెలీదు, కుడీ తెలీదు. నాయన ఏమీ చెప్పకుండానే పోయినాడు. నా చెయ్యి చూసి చెప్తా వచ్చినా. నాయన అమ్మ పక్కన నిలబడి అమ్మ కుడి చూసేటోడని దాసమ్మత్త అంటాంది. మల్ల ఆయన ఎడమచేతోడని ఆమే అంటాంది. ఇన్నేండ్లు మీకు చెప్పిందంతా తిరగా మరగా చెప్పినానేమో. నన్ను కొట్టినా నేనేమీ అనను." అతను వాళ్లతో మాట్లాడుతున్నాడే గానీ చూస్తున్నది ఒక్క మనిషినే. వెంకటక్క అప్పటికే లేచి నిలబడింది.

ఆమె ఆడవాళ్ల మధ్యనుంచి నడిచి అతని ముందుకు వచ్చింది. తిట్టడానికే వస్తోందని యల్లప్ప అనుకున్నాడు. తిట్టాలి కూడా. అతను తల దించుకున్నాడు.

"నువ్వు గుట్టకు పోయినాక నేను బిడ్డనెత్తుకొని ఈడికొచ్చినా" అంది ఆమె.

యల్లప్పకు అర్థం కాలేదు.

"అమ్మ వద్దంటాందని నువ్వు చెప్పినా నిలబడలేకపోయినా. బిడ్డ ఒళ్లు కాలిపోతాంటే ఎట్లుండేది? బస్సు కోసరం ఈ చెట్టు కిందనే కూర్చున్నా. ఆ పొద్దు బస్సు రాల్యా. అమ్మ చూస్తాండంగానే నా ఒళ్లోనే పోయింది. ఎత్తుకొని ఇంటికిపోయి పండుకోబెట్టినా. నీకు చెప్పల్యా. ఎట్ల చెప్పేది? అమ్మ మాట మీరినా, అందుకే నా బిడ్డను తీసుకునిందనుకున్నా. ఇన్నేండ్లూ నేనే చంపుకున్నాననుకున్నా."

 శెట్టి మెల్లగా కూర్చున్నాడు.  ఆమె మౌనమంతా తన మీద కోపమే అనుకున్నాడు యల్లప్ప ఇన్నాళ్లూ. ఒకే గుడిసెలో, ఒకే కుండలో సంకటి తింటూ, ఒక పువ్వు గురించి ఇద్దరూ రెండు రకాలుగా కుమిలారు. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

వెంకటక్క అతని చెయ్యి పట్టుకుంది. పెళ్లయినాక పదిమంది ముందు ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"అట్లయితే అమ్మ కుడి అయితే... ఆ పొద్దు అమ్మ పొమ్మనే చెప్పిందా? నేను మాట మీరల్యా? చెప్పయ్యా. పొమ్మనే చెప్పిందా?"

యల్లప్పకు ఇప్పటికీ తెలియదు. నాయన ఏ చెయ్యి ఎత్తాడో, అమ్మ ఎవరి పక్కనుంచి మాట్లాడుతుందో, ఆ రాయికి ఆ పేరు ఎందుకు వచ్చిందో, ఒక్కటీ తెలియదు. తన కుడే సరైనదంటే అతని తప్పు పోతుంది. అమ్మ కుడి అంటే ఆమె తప్పు పోతుంది. తేలాల్సింది ఇప్పుడు అంతే.

"అమ్మ కుడే, తల్లీ. రాసుకో" అన్నాడు వనిత వైపు తిరిగి. "ఈ పొద్దు రాలింది అమ్మ ఎడమ పువ్వు. అమ్మ ఊళ్లోకి రాదు. రోడ్డుకు ఆ పక్కనే ఉంటాది. ఎవురైనా అడిగితే పూజారే చెప్పినాడని చెప్పు."

తర్వాత భార్య వైపు తిరిగాడు.

"పొమ్మనే చెప్పింది వెంకటక్కా. నువ్వు విన్యావు. తప్పు చూసింది నేను."